పాత సంతకం

బల్ల మీద కాగితం లేదు.

ఆదివారం నుంచి అది అక్కడే ఉంటూ వచ్చింది. గాలికి ఎగిరిపోకుండా పైన కళ్లజోడు పెట్టె, పక్కన మూత తీసిన పెన్ను. భోజనాల వేళ ఆమె దాన్ని ఓ మూలకి జరిపేది. చేతులు కడుక్కుని వచ్చి ఆయన మళ్లీ నడిమధ్యకి లాగేవాడు. ఇంట్లో మూడు రోజుల గొడవంతా ఆ ఒక్క కాగితం చుట్టూనే తిరిగింది. ప్రావిడెంటు ఫండులో ఉన్న తన డబ్బు మొత్తం ఇంటి నిర్మాణానికి తీసుకుంటున్నట్టు ఆమె సంతకం పెట్టాల్సిన దరఖాస్తు అది.

నిన్న ఓవర్‌టైం చేసి అలసిపోయి వచ్చి, బల్ల వైపు చూడకుండానే పడుకుంది. బుధవారం పొద్దున్న చూస్తే బల్ల ఖాళీ.

"కాగితం ఏదండీ?" అడిగింది, క్యారేజీ మూత నొక్కుతూ.

"తీసేశాను." ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "పెట్టనన్నావుగా. ఇంకా అక్కడ దేనికి, అందానికా?"

"మరి సోమవారం స్లాబు?"

"మేస్త్రితో మాట్లాడుకుంటాను. ఏదో దారి దొరకదా."

ఇంత మెత్తగా ఆయన మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆమె క్యారేజీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆదివారం ఇదే గదిలో ఇదే మనిషి అరిచిన అరుపులకి పై వాటాలో ఉన్న ఇంటిగలాయన రెండుసార్లు దగ్గాడు. వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పిన ఇంటిగలాయన. ఆ దగ్గు వినపడగానే ఆమె గొంతు తగ్గించింది. భర్త తగ్గించలేదు.

"ముప్పై రెండేళ్లు సర్వే ఆఫీసులో కూర్చుని ఊరందరి ఇళ్లకీ నక్షలు గీశాను. నేను గీసిన గదుల్లో పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లిళ్లు కూడా చేసుకున్నారు. నేను మాత్రం ఇంటిగలవాళ్లు చెప్పులు ఎక్కడ విడవమంటే అక్కడ విడిచాను! ఇక చాలు!"

"అందుకేగా మీ ఫండు మొత్తం పోశారు. నేనేమైనా అడ్డం పడ్డానా?"

"పోస్తే గోడలు లేచాయి. గోడల మీద కప్పు వద్దా?"

"నాది కూడా పోసేస్తే మనకి మిగిలేది ఆ గోడలే. మీకు జ్వరమొస్తే గోడ మోసుకెళ్తుందా డాక్టరు దగ్గరికి? ఆకలేస్తే సున్నం గీక్కుని తింటామా?"

"పింఛను వస్తోందిగా నాకు!"

"అది మీ మందులకీ మీ పేపరుకీ సరిపోతుంది. నాకు పింఛను లేదు. నాలుగేళ్లలో ఫ్యాక్టరీ వాళ్లు ఓ దండ వేసి పంపించేస్తారు. ఆ తర్వాత నాకని ఉండేది ఆ ఫండొక్కటే."

అక్కడ ఆగిపోయింది మాట. అక్కడి నుంచి మాటల బదులు బల్ల మీద కాగితం, పెన్ను.

ఇప్పుడు ఆయన అంత తేలిగ్గా కాగితం తీసేసేసరికి ఆమెకి ఏదోలా అయింది. తనే కొంచెం ఎక్కువ బిగుసుకుందేమో. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం. మొత్తం అయితే ఇవ్వను. సగం ఇవ్వగలనేమో చూస్తాను."

ఆయన చేతిలో పేపరు ముడుచుకుపోయింది.

"సగమా?"

"చూస్తానన్నాను. ఇచ్చేశాననలేదు."

ఆయన నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. మళ్లీ మూసేసి, "బస్సు వెళ్లిపోతుంది నీకు," అన్నాడు.

*

బట్టల ఫ్యాక్టరీలో ఆమె బొత్తాం కాజాల సెక్షన్ సూపర్‌వైజరు. నలభై మెషీన్లు ఒక్కసారి తిరుగుతుంటే అక్కడ మనిషి మాట మనిషికి వినపడదు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె చొక్కా పట్టీ మీద కాజా ఒకటి వంకరగా కొట్టింది. దాన్ని విప్పించి మళ్లీ చేయిస్తుంటే మేనేజరు గదిలోంచి చెయ్యి ఊపి పిలిచాడు. ఫోను.

"ఫండు ఆఫీసు నుంచమ్మా. మీ దరఖాస్తు గురించి చిన్న సందేహం. ఈ రోజే ఒకసారి రాగలరా?"

"ఏ దరఖాస్తండీ?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇల్లు కట్టుకోవడానికి మొత్తం తీసుకుంటామని నిన్న ఇచ్చారు కదా."

"వస్తున్నాను," అని ఫోను పెట్టేసింది.

మేనేజరు అడిగాడు, ఇంట్లో అందరూ బాగున్నారా అని. బాగున్నారంది.

*

ఫండు ఆఫీసులో ఆమెని లోపలి గదిలో కూర్చోబెట్టారు. గాజు తలుపు, గోడ వారగా ఇనప బీరువాలు. బల్ల వెనక ఆఫీసరమ్మ. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది, ముక్కు చివర కళ్లద్దాలు. మాట తక్కువ మనిషిలా ఉంది.

మూడు కాగితాలు వరసగా పేర్చి ఆమె వైపు తిప్పింది.

"ఇది మీరు ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన సంతకం. ఇది అయిదేళ్ల కిందట మీరే వచ్చి మార్చుకున్నది. చెయ్యి విరిగిందని రాశారు."

"బట్టల మూటలున్న బండి చేతి మీద పడింది. బొటనవేలు మునపటిలా వంగదు."

"ఇదేమో నిన్నటి దరఖాస్తు."

ఆమె వంగి చూసింది. చూడగానే తెలిసిపోయింది. పేరు కింద ఈ చివర నుంచి ఆ చివరకి సాగిన పొడుగాటి గీత. ఒకప్పుడు తను వేసేది. ఇప్పుడు వెయ్యలేదు, సగం దూరం వెళ్లేసరికి పెన్ను వణుకుతుంది. అందుకే ఆ గీత మానేసి, చివరి అక్షరం పొట్టిగా తుంచేస్తోంది.

"మామూలుగా సంతకం కలవకపోతే పిలుస్తాం," అంది ఆఫీసరమ్మ. "ఇది కలిసింది. అయితే రద్దయిపోయిన పాతదానితో కలిసింది. అదీ అచ్చుగుద్దినట్టు. ఒక మనిషి రెండుసార్లు పెట్టిన సంతకాలు ఇంత బాగా కలవగా నేను చూడలేదు."

ఆ గీతలో ఎక్కడా వణుకు లేదు. దారం పట్టి లాగినట్టుంది. అంత తిన్నగా గీసే చెయ్యి ఆమెకి ఒక్కటే తెలుసు. ఆ చేతినే సర్వే ఆఫీసులో అందరూ 'స్కేలుబద్ద' అని పిలిచేవారు. పదవీ విరమణ రోజున ఆ పేరే కేకు మీద రాయించారు కూడా.

"నేను మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. ఈ సంతకం మీరు పెట్టిందేనా?"

ఆమె మూడు కాగితాలనీ మళ్లీ ఒకసారి చూసింది.

"కాదంటే?" అంది ఆమె చివరికి.

"నేను పైకి రాయాలి. ఎవరు పెట్టారో విచారిస్తారు. మీవారికి పింఛను వస్తోందని దరఖాస్తులో ఉంది, ఆ ఆఫీసుకీ తెలియజేస్తారు. విచారణ తేలేదాకా ఆ పింఛను ఆగిపోతుంది. ఆ తర్వాత కేసు అవుతుందా లేదా అన్నది నా చేతిలో లేదు."

"అవునంటే?"

"నా ఎదురుగా ఇప్పుడు మీరు పెట్టే సంతకం ఇంకోటి పెట్టాలి. సోమవారం పొద్దున్నకి డబ్బు మీ ఖాతాలో ఉంటుంది."

ఆమె పర్సు పట్టీ వేలికి చుట్టుకుంది, విప్పింది. "రేపు చెప్తాను."

"రేపు నాలుగింటికి ఈ ఫైలు నా బల్ల మీంచి వెళ్లిపోతుంది. ఆలోపు రండి." ఆమె లేచి తలుపు దగ్గరికి వెళ్లాక ఆఫీసరమ్మ గొంతు తగ్గించి అంది, "చాలామంది ఆడవాళ్లని అడిగానమ్మా ఈ ప్రశ్న. అందరూ అవుననే చెప్పారు."

*

సగం కట్టిన ఇంటికి ఆమె నడిచే వెళ్లింది. బస్సు ఎక్కితే కూర్చోవాలి. కూర్చునేలా లేదు ఆమెకి.

గోడల మధ్య కర్రలు అడవిలా నిలబడ్డాయి. వాటి మీద పలకలు, పలకల మీద ఇనప ఊచల వల. ఆ వల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఆయన స్కేలుతో కొలుస్తున్నాడు.

"అమ్మగారూ, మీరైనా చెప్పండి," అన్నాడు మేస్త్రి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ. "ఊచకీ ఊచకీ మధ్య వెంట్రుక తేడా వచ్చినా సార్ విప్పించేస్తున్నారు. ఇల్లు కడుతున్నామా, చేతి గడియారం చేస్తున్నామా?"

ఇంకో రోజైతే నవ్వేది. "ఆయన్ని కిందికి రమ్మనండి," అంది.

వంటగది కావాల్సిన చోట నిలబడ్డారు ఇద్దరూ. ఆయన చేతులకి తుప్పు అంటుకుని ఉంది.

"సరిగ్గా వచ్చావు. చూడు, కిటికీ నువ్వు చెప్పిన ఎత్తులోనే..."

"ఫండు ఆఫీసు నుంచి వస్తున్నాను."

ఆయన కిటికీ వైపు చూపించిన చెయ్యి కిందికి దించాడు.

ఆమె ఎదురుచూసింది. ఆయనే ఏదైనా అంటాడని. ఆయన చేతి తుప్పు గోటితో గీక్కుంటున్నాడు.

"పొద్దున్న సగం ఇస్తానంటే నోరు తెరిచారు. అప్పుడైనా చెప్పాల్సింది."

"అప్పటికే ఇచ్చేశానుగా."

"అందుకే చెప్పాల్సింది."

"చెప్తే ఏం చేసేదానివి?"

"తెలీదు. చెప్తే కదా తెలిసేది." ఆమె గొంతు ఇంకా పెరగలేదు. "ఎన్నిసార్లు గీసి చూసుకున్నారు?"

"ఒక్కసారే."

"దేన్ని చూసి?"

"ఈ స్థలం రిజిస్ట్రేషన్ కాగితం. తొమ్మిదేళ్ల కిందటిది. ఇద్దరి పేర్లూ ఉన్నాయిగా దాంట్లో." ఆయనకి కొంచెం మాట పుంజుకుంది. "నేనేం దొంగతనం చెయ్యలేదే! పట్టుకుపోయి తాగేశానా, పేకాటలో పెట్టానా? ఇద్దరి పేరు మీదున్న స్థలం. ఇద్దరం ఉండబోయే ఇల్లు. ఇందులో నాది నీది ఏముంది?"

"సంతకం నాదొక్కదానిదే కదా."

"ఆ మాత్రం సంతకం నాకు తెలీదా? ఇరవై తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను నీ చెయ్యి. కళ్లు మూసుకుని గీయగలను."

"కళ్లు మూసుకునే గీశావు."

పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. అన్నాక ఆమెకే తెలిసింది. ఆపలేదు.

"చెయ్యి విరిగాక నా సంతకం మారిపోయింది. ఆ గీత ఇప్పుడు నాకు రాదు. సెలవు పెట్టుకుని నేనే వెళ్లి వాళ్ల దగ్గర మార్పించుకుని వచ్చాను. అయిదేళ్లయింది. ఆఫీసులో ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడకి తెలుసు. నీకు తెలీదు."

ఆయన కళ్లు ఆమె కుడిచేతి మీదికి వెళ్లాయి. ఆమె ఆ చేతిని కొంగులో దాచుకుంది.

బయట మేస్త్రి గట్టిగా దగ్గాడు. లోపలి మాటలు వినపడుతున్నాయని చెప్పడానికో, వినపడటం లేదని నటించడానికో.

"నేనే వెళ్లి చెప్పేస్తాను," అన్నాడాయన.

"చెప్పి? పింఛను పోగొట్టుకుని, ఆ తర్వాత?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"నన్ను అడుగుతున్నారా?" అంది ఆమె. "మంచిది. ఇప్పటికైనా అడిగారు."

మళ్లీ 'మీరు'కి వచ్చేసింది. ఆ 'నువ్వు' కన్నా ఈ 'మీరే' ఎక్కువ గుచ్చుకుందాయనకి.

"రేపు నాలుగింటిదాకా టైముంది. నేను ఆలోచించుకోవాలి. నేను చెప్పేదాకా మీరేం చెయ్యకండి. ఎవరితోనూ ఏమీ అనకండి. ఇది ఒక్కటైనా నా మాట వినండి."

ఆయన తల ఊపాడు.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కూతురు వచ్చింది. పక్క పేటలో మందుల షాపులో ఫార్మసిస్టు. తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది. తండ్రి ఇంకా ఇంటికి రాలేదు, తల్లి వంటింట్లో పీట మీద కూర్చుని కూరలు తరుగుతోంది.

"నాన్న ఫోన్ చేశారమ్మా. ఏమీ చెప్పలేదు. అమ్మ దగ్గరికి ఒకసారి వెళ్లిరా అన్నారు. ఆ గొంతు వింటే భయమేసింది. ఏమైంది?"

తల్లి నాలుగు ముక్కల్లో చెప్పింది. చాకు ఆపకుండానే చెప్పింది.

కూతురు గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "నా దగ్గరున్న నీ గుర్తింపు కార్డు కాపీ నాన్నకి నేనే ఇచ్చానమ్మా. సోమవారం షాపుకొచ్చి అడిగారు. దేనికని కూడా అడగలేదు."

చాకు ఆగింది. ఒక్క క్షణమే. "సరే. ఇప్పుడు తెలిసిందిగా దేనికో."

"నాన్నకి ఆ ఇంటి మీద పిచ్చమ్మా. చెడ్డ బుద్ధితో చెయ్యలేదు."

"చెడ్డ బుద్ధని నేననలేదే."

"అయితే అవునని చెప్పెయ్యి. మన ఇంటి సంగతి ఇంట్లో తేల్చుకుందాం. ఈ వయసులో నాన్న ఎవరి ముందో చేతులు కట్టుకుని నిలబడాలా?"

తల్లి ముక్కలు గిన్నెలోకి తోసింది. "నీ షాపుకి ఎవరో వచ్చి డాక్టరు సంతకం తనే గీసుకుని చీటీ ఇచ్చాడనుకో. మందు ఇస్తావా?"

"అదీ ఇదీ ఒకటేనా? డాక్టరు వేరు, నువ్వు వేరు."

"వేరే. డాక్టరైతే నువ్వు ఫోన్ చేసి కనుక్కునేదానివి."

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి చేయి చాపి ఆమె కోటు మీద పడ్డ కూర ముక్క ఒకటి తీసేసింది.

"ఏడవకు. అవుననే చెప్తాను. మొత్తం మాత్రం ఇవ్వను. ఆ దరఖాస్తు రద్దు చేసి, సగానికి కొత్తది పెడతానని అడుగుతాను. సగంతో కప్పు పడుతుంది. మిగతాది నా పేరు మీదే ఉంటుంది, నేనున్నంతకాలం ఎవరూ ముట్టుకోరు."

"నాన్న ఒప్పుకుంటారు. ఇల్లు పూర్తయితే చాలు ఆయనకి."

"ఇల్లు పూర్తవుతుంది." తల్లి లేచి పొయ్యి వెలిగించింది. "అందులో నేనుంటానో లేదో ఇంకా తెలీదు."

కూతురు తల ఎత్తి చూసేసరికి తల్లి అటు తిరిగి నిలబడి ఉంది.

*

గురువారం మధ్యాహ్నం ఒక పూట సెలవు పెట్టి బయల్దేరింది. బస్సులో దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు లోపల్లోపలే సర్దుకుంది. 'ఆ రోజు చెయ్యి బాగుండి పాత అలవాటుగా పెట్టేశానండీ.' ఎన్నిసార్లు అనుకున్నా ఆ అబద్ధం నాలుక మీద సరిగ్గా కూర్చోలేదు. అయినా అనాలి. అని తీరాలి.

గాజు తలుపు తోసేసరికి ఎదురుగా కుర్చీలో ఆయన.

ఇస్త్రీ చొక్కా. రిటైరైన రోజున వేసుకున్నదే. బల్ల మీద తాగేసిన టీ గ్లాసులు రెండు, ఒక తెల్ల కాగితం. దూరం నుంచే గుర్తుపట్టింది ఆ రాత. అచ్చక్షరాల్లా విడివిడిగా, పంక్తులన్నీ ఒక్క వరసలో.

"మీవారు పదింటికే వచ్చారు," అంది ఆఫీసరమ్మ. "వద్దన్నా వినకుండా రాసిచ్చారు. నేనింకా రిజిస్టర్లో ఎక్కించలేదు. నాలుగింటిదాకా ఆగుతానని మీకు మాటిచ్చాను కాబట్టి."

ఆమె నిలబడే చదివింది. ఫలానా తేదీన, నా భార్యకు తెలియకుండా, ఆమె సంతకాన్ని నేను నా చేత్తో... చివర ఆయన సంతకం. దాని కింద తేదీ.

చదువుతుంటే జాలి పొంగుకొచ్చింది. ఈ మనిషి ఇంకో మనిషి ముందు ఇలా తల వంచుకుని ఏనాడూ కూర్చోలేదు. ఆ జాలి వెనకే కోపం కూడా వచ్చింది. కాగితం చేతిలో పట్టుకునే ఆయన వైపు తిరిగింది.

"నేను చెప్పేదాకా ఏమీ చెయ్యొద్దన్నాను."

"అన్నావు."

"తల ఊపారు."

"ఊపాను." ఆయన లేచి నిలబడ్డాడు. "నువ్వు ఇక్కడికొచ్చి నా కోసం అవుననేస్తావని తెలుసు. జీవితంలో ఒక్క దొంగ కాజా వెయ్యని మనిషివి. నీ చేత అబద్ధం ఆడించడం ఎందుకని..."

"అంటే, నేనేం చెప్తానో కూడా మీరే తేల్చేశారన్నమాట."

ఆయన బిత్తరపోయి చూశాడు. ఈసారైనా మంచి పనే చేశాననుకుని వచ్చాడు పాపం. ఆ మొహంలో అదే ఉంది.

"నీ మేలు కోరే..."

"సంతకం గీసినప్పుడూ నా మేలే. ఇప్పుడూ నా మేలే. మధ్యలో నన్ను ఒక్క ముక్క అడగరేం?"

ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మూడూ ఇరవై అయిందమ్మా. ఆయన కాగితం నాకు చేరినట్టా, చేరనట్టా అన్నది మీ మాట మీద ఉంది. ఒకసారి మీరు చెప్పి, నేను రాసుకున్నాక, ఇక మార్చడం కుదరదు. చెప్పండి."

ఆమె ఆయన రాసిన కాగితాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టింది. బస్సులో సర్దుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. వాటి స్థానంలో వేరే ఏదో మెల్లగా కుదురుకుంటోంది.

"ముందు ఆయన్ని బయట కూర్చోమనండి."

"నేనుంటే ఏమైంది?" అన్నాడాయన.

"ఇది నా డబ్బు సంగతి. నా చేతి సంగతి. మీరు బయట కూర్చోండి."

ఆయన ఒకసారి ఆఫీసరమ్మ వైపు చూశాడు. ఆవిడ తలుపు వైపు చూసింది, ఆయన బయటికి నడిచాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

బయట చెక్క బెంచీ మీద కూర్చుంటే గాజులోంచి లోపల కనపడుతుంది, వినపడదు. ఆయనకి ఆమె వీపే కనపడుతోంది. ఆమె మాట్లాడుతోంది. ఆఫీసరమ్మ మొదట అడ్డంగా తల ఊపింది. తర్వాత ఊపడం ఆపేసి వింటూ కూర్చుంది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. సొరుగు లాగి ఏదో కాగితం తీసింది. అది మొన్నటి దరఖాస్తు కాదు. తను రాసిచ్చింది కూడా కాదు. పచ్చగా ఉంది, పొడుగ్గా ఉంది. ముప్పై రెండేళ్లు కాగితాల మధ్య బతికిన మనిషికి అదేమిటో అంతుపట్టలేదు.

ఆమె పెన్ను తీసుకుంది. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆగి ఆగి రాస్తోంది. రాయడానికి అంత కష్టపడుతోందని ఆయన ఇన్నాళ్లూ చూడనేలేదు.

తలుపు తెరుచుకుని గుమాస్తా బయటికి వచ్చాడు. ఆయన గబగబా లేచాడు.

"నన్ను రమ్మన్నారా?"

"లేదు సార్. మీ అమ్మాయి నంబరు ఇస్తారా? ఫోన్ చేసి పిలిపించమంటున్నారు. సాక్షి సంతకం కావాలట."

"దానికి అమ్మాయెందుకు? నేనున్నానుగా. నేను పెడతాను."

గుమాస్తా ఇబ్బందిగా చూపు తిప్పుకున్నాడు.

"మీరు పెట్టకూడదు సార్. అమ్మగారి ఫండు ఇక ఎవరు ముట్టుకోకూడదో రాసే కాగితం అది. అందులో మీ పేరుంది."